పాంటియాక్ పైకప్పు

ఆ శుక్రవారం పొద్దున నిఖిల వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పిండి కలపాలి, ఒక పూరీ వేయాలి, దాన్ని స్టీలు గిన్నె మీద కప్పులా పెట్టి కూతురు షెర్లీతో స్కూలుకు పంపాలి.

వాళ్ళుండే విండ్సర్‌లో నది ఒడ్డున నిలబడితే అవతల పక్క దేశపు డెట్రాయిట్ నగరం కనిపిస్తుంది. మూడో తరగతి పిల్లలు అక్కడి కట్టడాల బొమ్మలు చేసి వాటి గురించి చెప్పాలని టీచరమ్మ పురమాయించింది. నాన్న ఎరిక్ ఆదివారమంతా ఫుట్‌బాల్ కోసం టీవీకి అతుక్కుపోతాడు కాబట్టి షెర్లీ, ఆయన జట్టు డెట్రాయిట్ లయన్స్ మారిన స్టేడియాలను ఎంచుకుంది. నిఖిల చదువు ఇంటర్ మొదటేడుతోనే ఆగిపోయినా ఈ కథ ఆమెకు ఇట్టే ఎక్కింది. పాపం, వాళ్ళూ అద్దె కొంపల వాళ్ళే. మొదట ఒక యూనివర్సిటీ మైదానం, తర్వాత ఏళ్ళ తరబడి బేస్‌బాల్ వాళ్ళతో సర్దుకోవడం, ఆపైన ఊరికి దూరంగా పాంటియాక్‌లో గాలితో నిలిచే గుడ్డ కప్పు కింద కాపురం, చివరికి మళ్ళీ ఊళ్ళోకి. మూడింటికి అట్టపెట్టెలు సరిపోయాయి. పేచీ అంతా గాలి కప్పు దగ్గరే. బెలూన్ పగిలింది, అప్పడం విరిగింది, పూరీ నిలిచింది.

ఇందులో నిఖిల పరువు కంటే పెద్దదే ఇరుక్కుని ఉంది. తోడికోడలు స్వర్ణకుమారి ఎం.టెక్. ఈసారీ షెర్లీ వెనకబడితే సాయంత్రాలు తన ఇంట్లో కూర్చోబెట్టి తనే చదివిస్తానని ఎరిక్ ఎదుటే తేల్చేసింది. ఎరిక్ తలూపాడు. పిల్ల పుస్తకం పక్కన తన చోటు పోతుందేమోనని నిఖిలకు భయం. నోరు మాత్రం తగ్గలేదు.

"నా పిల్లని నేనే చదివించుకుంటానక్కా. చూద్దువుగాని."

అయితే ఎరిక్ కార్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు, నిఖిలకు డ్రైవింగ్ రాదు. ఆ అక్క కారే గతి అయింది. వెనక సీట్లో షెర్లీ క్లాసులోనే చదివే ఆమె కొడుకు లోహిత్, వాళ్ళమ్మ కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింట్ చేయించిన వంతెన బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాడు. దిగేసరికి పూరీ చల్లారి చతికిలపడింది.

"ఇదేంటే, చపాతీ స్టేడియమా?" అంది స్వర్ణకుమారి.

ఎందుకైనా మంచిదని నిఖిల సంచిలో పిండిముద్ద, నూనె, మూకుడు, కరెంటు పొయ్యి సర్దుకునే వచ్చింది. ప్లగ్గు ఎక్కడని అడిగితే, బొమ్మకు లైట్లు పెడతారు కాబోలనుకుని టీచరమ్మ ఖాళీ గది చూపించింది. ఇంట్లో వేపుళ్ళప్పుడు నిఖిల పొగ అలారానికి స్నానాల టోపీ తొడుగుతుంది. ఇక్కడ ఆ సంగతే మరిచింది. పూరీ పొంగింది. అలారం మోగింది.

స్కూలు మొత్తం మంచులోకి వచ్చి నిలబడింది. ఆ పూరీ పొగ గేటు దగ్గరికొచ్చేసరికి గ్యాస్ లీకుగా మారింది, పేరెంట్స్ వాట్సాప్‌లో మంటలైపోయింది. ఫైరింజన్ వచ్చింది. దాని వెనకే ఫ్యాక్టరీ బట్టలతో ఎరిక్ వచ్చాడు. వంతెన లోపలే ఉండిపోయింది. నిఖిల మాత్రం స్టేడియం వదల్లేదు. మంచు పడుతుంటే కొత్త పూరీ కూడా అందరి ముందూ నెమ్మదిగా గిన్నెలోకి దిగిపోయింది.

"సోమవారం నుంచి పిల్లని నా దగ్గరికి పంపించెయ్," అంది స్వర్ణకుమారి.

ప్రిన్సిపాల్ వచ్చి ఈ పని ఎవరిదని అడిగాడు. నిఖిల గిన్నె పైకెత్తి చూపించింది.

"ఐ డిడ్. సారీ. బట్ మై డాటర్ విల్ టెల్ ఫస్ట్. దెన్ యు షౌట్."

షెర్లీ ముందుకొచ్చింది. "దిస్ ఈజ్ వాట్ రియల్లీ హ్యాపెన్డ్. ఎయిటీ ఫైవ్‌లో టూ మచ్ స్నో, అండ్ ద రూఫ్ కేమ్ డౌన్. మై మామ్ టోల్డ్ మీ." మొదట ఒక ఫైర్‌మ్యాన్ చప్పట్లు కొట్టాడు, తర్వాత పిల్లలు. టీచరమ్మ ఇలా కళ్ళకు కట్టినట్టు ఎవరూ చెప్పలేదంది, పొయ్యి మాత్రం ఇంకెప్పుడూ తేవద్దంది. ఎరిక్ కూతురి పక్కన కాక నిఖిల పక్కన నిలబడ్డాడు. జట్టు పాంటియాక్ ఖాళీ చేసే ఘట్టం వచ్చేలోపే లోహిత్ కూలిన కప్పును తినేశాడు.

సోమవారం సాయంత్రం చదువులు మొదలయ్యాయి, నిఖిల ఇంట్లో. కొడుకును దింపుతూ స్వర్ణకుమారి, వీడికి ఎందుకో చరిత్ర మీద ఆసక్తి పుట్టిందని గోడకేసి చూస్తూ చెప్పింది.

లోహిత్ బూట్లు విప్పుతూ, కూరేంటి పిన్నీ అని అడిగాడు.