ఇంజనీరు గారు పరుగందుకున్న ఉదయం

పెళ్ళాం చెప్పులు అరిగిపోయాయని ఏడాదిగా చెబుతున్నా చెవికెక్కని మగవాడికి, తన పరుగు బూట్ల అడుగున రబ్బరు ఏ మూల ఎంత మందం ఉందో మాత్రం నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇంజనీరు గారి మీద ఆయన ఇల్లాలికి ఉన్న ఫిర్యాదుల్లో ఇది చిన్నది. పెద్దవి చెప్పుకుంటూ కూర్చుంటే వాన వెలిసిపోతుంది.

ఆ వాన వెలిసేలా మాత్రం లేదు. వారం రోజులుగా ఆకాశానికి చిల్లుపడినట్టు కురుస్తోంది. తెల్లవారితే ఆదివారం, మారథాన్. శనివారం పొద్దున ఆ ఇంటి హాలు నిండా తాళ్ళు, తాళ్ళ నిండా ఆరని మేజోళ్ళు. ఇల్లాలు ఒక్కొక్క మేజోడునే ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతుంటే, ఇంజనీరు గారు అరటిపండు ఒలుస్తూ ఆ రోజు పథకం వివరించాడు.

"ఇవాళ ఆఖరి ప్రాక్టీసు. వానలోనే. బ్యాగు, బూట్లు, టోపీ, అన్నీ రేపటిలాగే. వంతెన మీదుగా స్టేడియం దాకా వెళ్ళి వచ్చేస్తా."

"పేర్లు రాసుకునేది కూడా అక్కడేగా," అంది ఇల్లాలు, మేజోడు మీంచి చూపు తిప్పకుండా. "ఇవాళ మధ్యాహ్నంతో ఆఖరట. ఆ అయిదు కిలోమీటర్ల చిన్న పరుగులో నా పేరు కూడా రాయించండి."

"నువ్వా!" ఆయన నవ్వాడు. కోపంగా అని ఉంటే పోట్లాడొచ్చు. జాలిగా అన్నాడు. "పరుగంటే కూరగాయలకెళ్ళి రావడం కాదోయ్. ఆర్నెల్ల సాధన ఉండాలి. శ్వాసకి లెక్కుండాలి. మన వీధి చివరిదాకా కూడా రాలేవు నువ్వు. నీ వల్ల కాదు, నా మాట విను."

ఆవిడ అడగడం అది మూడోసారి. తనే వెళ్ళి రాయించుకోవచ్చు, అడ్డుకునేవాళ్ళెవరూ లేరు. కానీ ఆయన నోటితోనే "నీ వల్ల అవుతుంది" అనిపించుకుని మరీ రాయించుకోవాలని ఆవిడ పంతం. ఆ పంతం గడువు ఇంకో పూటలో తీరిపోతోంది.

"పోనీలే అమ్మాయ్," అని మంచం మీంచి అత్తగారు సర్దిచెప్పింది. "మనకెందుకవన్నీ? ఈ మంచం మీంచి ఆ కుర్చీలోకి మారాలంటేనే నన్ను ఇద్దరు పట్టుకోవాలి."

ఇంజనీరు గారు మేజోళ్ళు తొడుక్కుని కిందికి దిగిపోయాడు.

ఇక్కడ ఆయన ఉద్యోగం సంగతి ఒక ముక్క చెప్పాలి. వానాకాలంలో పాత భవనాలు చూసి, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని తేల్చడం ఆయన పని. ఆ వారంలోనే రెండు భవనాలు ఖాళీ చేయించాడు. ఆయన ఏ గోడ వైపు రెండోసారి చూసినా, ఆ గోడ వెనక కాపురమున్నవాళ్ళు పెట్టే బేడా సర్దుకుంటారు. అలాంటి మనిషి, తానుండే నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, కింద కార్లు పెట్టేచోట, రోజూ పొద్దున్నే ఒక స్తంభాన్ని రెండు చేతులతో నెడుతున్నాడు.

అది పరుగుకు ముందు పిక్కలు సాగదీసుకోవడం. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి, అరచేతులు స్తంభానికి ఆనించి, పళ్ళు బిగబట్టి, మనసులో ముప్పై దాకా లెక్క. ఇల్లాలికి తెలుసు. మిగతా అపార్ట్‌మెంటుకు తెలియదు. వాళ్ళకు కనబడిందల్లా, భవనాల ఇంజనీరు చెమటలు కక్కుతూ స్తంభాన్ని పడిపోకుండా ఆపుతున్నాడన్నదే.

ఆ రోజు కింది వాటా టైలరు ధైర్యం చేసి దగ్గరకెళ్ళాడు. "సార్, ఏమైనా ప్రమాదమా?"

ఇంజనీరు గారు లెక్కలో ఉన్నాడు. నోరు తెరిస్తే శ్వాస చెడుతుంది. తల తిప్పకుండానే, ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలెత్తాడు. టైలరు ఆ వేలు వెంబడి పైకి చూశాడు. పైకప్పు మీద ఏనాటి నుంచో ఉన్న చెమ్మ మరక ఆయనకు ఆ క్షణంలోనే పుట్టినట్టు కనబడింది. ఇంతలో లెక్క పూర్తయింది. ఇంజనీరు గారు చేతిగడియారం నొక్కి, బ్యాగు వీపుకు తగిలించుకుని, వానలోకి ఒక్కసారిగా పరుగందుకున్నాడు.

"వదిలేశాడండోయ్! స్తంభం వదిలేసి పారిపోతున్నాడు!" అని టైలరు వేసిన కేక నాలుగో అంతస్తు దాకా వినబడింది.

ఇల్లాలు మెట్ల దగ్గరికి వచ్చేసరికి, చీమలపుట్టలో నీళ్ళు పోసినట్టు జనం కిందికి దిగుతున్నారు. ఒకరి చంకలో పిల్లి. ఒకరి చేతిలో ప్రెషర్ కుక్కర్, మూత లేకుండా. ఒక అంతస్తు ఎక్కడానికి కూడా లిఫ్టు కోసం పావుగంట నిలబడే బ్యాంకు మేనేజరు, స్నానంలోంచి లేచి వచ్చి, తువ్వాలు మీద రెయిన్‌కోటు తగిలించుకుని, మెట్లు రెండేసి దూకుతున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి మేడమ్? మీవారు వెళ్ళిపోయారు, తెలుసా!"

"ప్రాక్టీసుకి వెళ్ళారండీ."

"పాపం, మీకలా చెప్పారా!" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ దిగిపోయాడు.

ఆవిడ వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. అత్తగారి మంచం ఖాళీ. కుర్చీ ఖాళీ. గుమ్మం దగ్గర అత్తగారి చెప్పులు లేవు.

అరిగిన చెప్పులు అడ్డమని అక్కడే విడిచి, ఆవిడ వానలో పడింది. "ఆగండి! ఏమీ కాలేదు! ఆగండి!" అని అరుస్తూ జనం వెంట పడింది. అదే కొంప ముంచింది. వానహోరులో మాటలు ఎవరికీ వినబడలేదు గానీ మనిషి మాత్రం కనబడింది. "ఇంజనీరు పెళ్ళామే చెప్పులు కూడా లేకుండా పరుగెడుతుంటే ఇంకా చూస్తారేంట్రా!" అన్నారెవరో. రెండు పక్క వీధులు కూడా కదిలాయి.

అక్కడ అందరికంటే ముందున్న ఇంజనీరు గారు వెనక ఏదో సవ్వడి విని తిరిగి చూశాడు. అపార్ట్‌మెంటు మొత్తం తన వెంట వస్తోంది. అందులో ఇద్దరు పట్టుకుంటే తప్ప కుర్చీలోకి మారని కన్నతల్లి ఉంది. ఆయన బుర్ర చకచకా లెక్కలు కట్టింది. అమ్మ పరుగెడుతోందంటే ఎగువన డ్యాముకి గండి పడి ఉండాలి. తల్లి కోసం వెనక్కి రాబోయాడు. "ఆగకురా! పరుగెత్తరా నా తండ్రీ!" అని ఆవిడ కేకేసింది. ఆయన తల్లి మాట ఏనాడూ జవదాటలేదు. "ఎత్తు మీదికి! స్టేడియం వైపు! పదండి!" అని చెయ్యి ఊపుతూ వేగం రెట్టింపు చేశాడు. ఇంజనీరు వెనక్కి చూసి మరీ వేగం పెంచాడంటే ఇంకేముందని జనం కూడా పెంచారు. ఆయన వాళ్ళని చూసి, వాళ్ళు ఆయన్ని చూసి. వెనక తరుముతున్నది వాన తప్ప మరేమీ లేదని తెలిసిన ఒకే ఒక్క మనిషి చిట్టచివరన ఉంది.

ముందున్న మనిషి ఆగితే తప్ప ఎవరూ ఆగరని ఇల్లాలికి అర్థమైంది. చీరకొంగు నడుముకు బిగించింది.

వంతెన మీద ఆవిడ చూసిన దృశ్యాలు ఎవరికి చెప్పినా నమ్మరు. టైలరు భుజం మీద ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది, ఎవరి పిల్లో ఆయనకూ తెలియదు, వదల్లేదు. బ్యాంకు మేనేజరు కొలిమి తిత్తిలా బుసలు కొడుతూ, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని, రెండో చేత్తో కుక్కరు పట్టుకున్నావిణ్ణి లాక్కుపోతున్నాడు. ఆ జనంలో అందరికంటే ముందు, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తెల్లజుట్టు వానకు తలకంటుకుపోయి, అత్తగారు. అడుగు తడబడటం లేదు. ఇల్లాలు నోరు తెరుచుకుని చూసింది. భయానికి ఇంత బలముందా? లేక ఈ బలం మనిషి ఒంట్లో ఎప్పుడూ ఉండి, అడిగేవాళ్ళు లేక ఊరుకుందా?

"అత్తయ్యా, ఆగండి! ఏ ప్రమాదమూ లేదు!"

"మాట్లాడించకమ్మాయ్, లెక్క తప్పుతుంది!"

ఆవిణ్ణి దాటేశాక గానీ తను ఏం చేస్తోందో ఇల్లాలికి తెలియలేదు. ఆయాసం ఎప్పుడో పోయింది. కాళ్ళు వాటంతటవే పడుతున్నాయి. వాన ముఖాన కొడుతుంటే హాయిగా ఉంది. ఇది నేనేనా అనుకుంది. ఎదురుగా స్టేడియం మలుపు, మలుపులో ఆయన టోపీ. పళ్ళు బిగించింది.

"ఏవండీ! ఆగండి!"

ఆయన పక్కకు చూసి ఉలిక్కిపడ్డాడు. "నువ్వా! డ్యాముకి గండి పడిందా?"

"ఏ డ్యాముకి?"

"మరి వీళ్ళంతా ఎందుకు పరుగెడుతున్నారు?"

"మీరు పరుగెడుతున్నారని!"

ఆయన నిలబడిపోయాడు. ఆవిడ నిలబడలేకపోయింది. తడిసిన నున్నటి నేల, కాళ్ళలో ఊపు. రేపటి కోసం గాలి నింపి నిలబెట్టిన ముగింపు తోరణం కిందుగా దూసుకుపోయి అవతల తేలింది. పందెం ఏర్పాట్లు చూస్తున్న వాళ్ళు ఇదేదో రిహార్సలనుకుని చప్పట్లు కొట్టారు.

వెనకే ఒక్కొక్కరూ వచ్చారు. టైలరు భుజం మీది పిల్లను దించి, "స్తంభం పడిపోయిందా సార్?" అన్నాడు.

"ఏ స్తంభం?"

"రోజూ మీరు ఆపుతున్నారే, అది!"

"ఆపడమేంటయ్యా! పిక్కలు సాగదీసుకుంటున్నా!"

బ్యాంకు మేనేజరు ఒంగి తన పిక్కల వైపు చూసుకున్నాడు. "ఈయన పిక్కల కోసం నేను తువ్వాలుతో ఇంత దూరం వచ్చానా?"

"ఆరున్నర కిలోమీటర్లండీ," అన్నాడు పక్కన పందెం కొలతలు చూస్తున్న ఆయన, ఇంజనీరు గారి చేతిగడియారం వైపు వంగి చూసి, మర్యాదగా.

తిట్టడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగారు. కింద వాన తెరల్లో వంతెన, వంతెనకు అవతల వీధులు, వీధుల చివర అగ్గిపెట్టెంత అపార్ట్‌మెంటు, నిక్షేపంగా నిలబడి ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి తమ కాళ్ళతో తాము వచ్చారు. "నేనే?" అని గొణిగాడు మేనేజరు. అత్తగారు తన మోకాళ్ళను ఎవరివో అన్నట్టు తడిమి చూసుకుంది.

"ఒరేయ్," అంది తర్వాత, కొడుకు వైపు తిరిగి. "పొద్దున నా కోడల్ని ఏమన్నావు? వీధి చివరిదాకా కూడా రాలేదని కదూ? ఏదీ, అందరి ముందూ మళ్ళీ అను."

ఇంజనీరు గారు తన బూట్లను చూసుకున్నాడు. బురద మెత్తుకున్న పెళ్ళాం వట్టి కాళ్ళను చూశాడు. "నేనన్నది తప్పు," అన్నాడు.

"వానలో వినబడలేదండీ," అంది ఇల్లాలు.

"తప్పు! నాదే తప్పు!" అని ఆయన స్టేడియం దద్దరిల్లేలా అరిచాడు. "నీ వల్ల అవుతుంది! నిన్ను అందుకోవడమే నా వల్ల కాలేదు!"

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ ఒక్క ముక్క ఆయన నోటి నుంచి ఊడిపడటానికి, ఒక అపార్ట్‌మెంటు మొత్తం ఖాళీ కావలసి వచ్చింది.