వెండి కూజాలో మోక్షం

"ఒర్మేలా పౌరులారా! ఈ ఊళ్లో పాత దేవుళ్లు లేరు! ఎప్పుడూ లేరు! ఉన్నారని ఎవరైనా అన్నా, అనుకున్నా, కలగన్నా శిక్ష తప్పదు!"

మా సభాపతి మెనోడోరస్ దొరగారు అంగడి మెట్ల మీద నిలబడి క్రైస్తవ చక్రవర్తి ఆజ్ఞను ఇలా చదివి వినిపించారు. నిజానికి ఆజ్ఞలో ఉన్నవి రెండే ముక్కలు: గుళ్లు మూసేయండి, బలులు ఆపేయండి. 'ఎప్పుడూ లేరు' అన్నది దొరగారి సొంత కవిత్వం. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాణ్ని నేనే. ఎందుకంటే ఆ లేని దేవుళ్లలో ఒకడైన వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడికి కాపరిని నేనే మరి! మా తాత, మా నాన్న, నేను, మూడు తరాలుగా లేనివాడికి దీపం పెడుతున్నామన్నమాట.

దొరగారు చివర్లో ఇంకో ముక్క కూడా కలిపారు. పది రోజుల్లో గుడి పడగొట్టాలిట. పాలరాతి స్తంభాలను ప్రజాహితం కోరి ఆయన భోజనశాలకు తరలించాలిట. నేనూ మా ఆవిడ అమ్మియా కాపురముండేది ఆ గుడి వెనక గదిలోనే. అంటే పదకొండో రోజున మా కుండా చట్టీ వీధిలో ఉంటాయి.

"ఈయన క్రైస్తవుడెప్పుడయ్యాడయ్యా?" అని అమ్మియా ముక్కు మీద వేలేసుకుంది.

"ఇరవై ఏళ్లయిందిట. మునగడమొక్కటే మిగిలింది."

ఇది మా ఊరంతా పాటించే తెలివి. బాప్తిస్మం తీసుకుంటే అంతవరకూ చేసిన పాపాలన్నీ ఒక్క దెబ్బతో కడుక్కుపోతాయి. ఆ తర్వాత చేసినవి మాత్రం అంత సులువుగా వదలవు. కాబట్టి బుద్ధున్నవాడెవడూ ముందే మునగడు. హాయిగా పాపాలు చేసుకుంటూ కాలక్షేపం చేసి, కొనఊపిరిలో ఉన్నప్పుడు నెత్తిన నీళ్లు పోయించుకుని నేరుగా స్వర్గానికి వెళ్తాడు! అందుకే దొరగారి మంచం పక్కన ఇరవై ఏళ్లుగా ఒక వెండి కూజా సిద్ధంగా ఉంటుంది. అందులో నీళ్లు రోజూ మారుస్తారు. పాపాలు మాత్రం పాతవే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మా వెనక తలుపు చప్పుడైంది. తీసి చూద్దును కదా, ముఖానికి గుడ్డ చుట్టుకుని, చంకలో కోడిపుంజుతో దొరగారు!

"ఒరేయ్ ట్రోఫిమస్, మోకాలు మళ్లీ సలుపుతోందిరా."

"దేవుడు లేడు కదండీ అయ్యా?"

"లేడు. అందుకే గట్టిగా అరవకు. కోడిని కొయ్యి."

"బలి నేరం కదండీ!"

"బలి అని ఎవడన్నాడ్రా? భోజనం! వంటకి కోస్తున్నావు. వేదిక దగ్గరే ఎందుకంటావా, అక్కడ వెలుతురు బాగుంటుంది. పెదాలు కదిపావనుకో, అది కోడికి ధైర్యం చెప్పడానికి. తెలిసిందా?"

ఏం చట్టజ్ఞానం! ఆ వెలుతురులోనే కోశాను. ఆపైన ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"అయ్యా, గుడి పోతే పోనీండి. ఆ వెనక గదొక్కటీ వదిలెయ్యండి. ఈ వయసులో ఎక్కడికి పోతాం?"

"చట్టం చట్టమేరా," అని దొరగారు మోకాలు ఒకసారి వంచి చూసుకున్నారు. "అరే, సర్దుకుందే!" అంటూ చకచకా నడిచి వెళ్లిపోయారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆరో రోజున, పాత దేవుళ్లు పోయిన సంతోషంలో దొరగారింట్లో మధ్యాహ్నం విందు జరిగింది. వెళ్లిపోయిన దేవుళ్లందరి వాటా ఆయనే తినాలనుకున్నారో ఏమో, పుట్టగొడుగులు మూడు పళ్లేలు లాగించి, మీద పందిమాంసం పట్టించారు. ఇంకేముంది! కడుపు పట్టుకుని కింద పడి పొర్లాడారు.

"పోతున్నాన్రోయ్! జోటికస్‌ని పిలవండి! కూజా తెండి! ట్రోఫిమస్‌నీ పిలవండి, కానీ వాణ్ని వెనక తలుపు నుంచి!"

చర్చి పెద్ద జోటికస్ గారు పరుగున వచ్చారు. మునిగే ముందు సైతానును వదులుకుంటున్నట్టు పడమటి వైపు ఉమ్మాలి కదా, దొరగారు లేవలేక పడుకునే ఉమ్మారు. పడమటి వైపు నేనున్నాను. వెండి కూజా నెత్తిన బోర్లించారు. ఇల్లంతా ఒకటే ఏడుపు. ఆ సందట్లో దొరగారు నా చెయ్యి పట్టి లాగి, "నీ దగ్గరేమైనా ఉందిరా?" అని మూలిగారు. మా తాతనాటి మందే పోశాను: వేడినీళ్లలో ఆవపిండీ ఉప్పూ. భళ్లున కక్కేశారు. తెల్లారేసరికి లేచి కూర్చుని బార్లీ గంజి అడిగారు.

అసలు ప్రళయం అప్పుడు మొదలైంది.

"జోటికస్ గారూ, నేను బతికానండీ," అన్నారు దొరగారు, చావు కబురు చెప్పినట్టు.

"దేవుడి దయ బాబూ!"

"దయ సరే. ఆ నీళ్లు వెనక్కి తీసుకోవడం కుదురుతుందా?"

"కుదరదు బాబూ."

"తల ఒక్కటే కదండీ తడిసింది? మోకాళ్ల కింద పొడిగానే ఉంది. పోనీ, కాళ్లతో చేసే పాపాలైనా..."

"బాబూ! ఇక అబద్ధం ఆడకూడదు, ఒకరిది లాక్కోకూడదు."

"ఒక్క అబద్ధం?"

"సగం కూడా వద్దు."

దొరగారి ముఖం పాలిపోయింది. పదో రోజున ఆయన వ్యాజ్యం విచారణకు వస్తుంది. కంచరగాడిదలు తోలుకునే గ్లైకోన్ ద్రాక్షతోటకూ దొరగారి పొలానికీ మధ్యనున్న సరిహద్దు రాయి రెండేళ్లలో నలభై అడుగులు తోటలోకి జరిగింది. అది మొదట్నించీ అక్కడే ఉందని దొరగారు ప్రమాణం చెయ్యాలి. నాకు కబురొచ్చింది.

"నువ్వింకా మునగలేదుగా?"

"లేదండి."

"మునగకురా నాయనా! నీకు దణ్ణం పెడతాను! నా బదులు నువ్వొచ్చి ప్రమాణం చెయ్యి. గుడి జోలికి రాను, గది నీదే."

"ముందు ఆ మాట అధికారులకు రాసి పంపండయ్యా."

"ఏమని రాయను? గుడి లేదని అబద్ధం రాయలేను కదరా ఇప్పుడు!"

నేను ఇంటికి పరిగెత్తి, మా ఆరు కోళ్లనూ గర్భగుడిలోకి తోలి, దొరగారిని పిలిచి చూపించాను. ఆయన కూర్చుని, 'సదరు కట్టడంలో కోళ్లు నివసించుచుండగా కళ్లారా చూచితిని' అని రాసి ముద్ర వేసి పంపేశారు. అక్షరం అక్షరం నిజం! అలా మా అస్క్లేపియస్ గుడి సర్కారు దస్తావేజుల్లో కోళ్ల గూడైంది.

గది దక్కింది గానీ, ఆ మూడు రోజులూ నాకు ముద్ద దిగలేదు. గ్లైకోన్ ఏటా మాకు బుట్టెడు ద్రాక్షపళ్లు పంపేవాడు. అమ్మియా నాతో మాట్లాడడం మానేసింది. సిగ్గేసింది. అయినా పదో రోజున విచారణకు వెళ్లాను.

"దేని మీద ప్రమాణం చేస్తావు?" అని న్యాయాధికారి అడిగాడు.

"అస్క్లేపియస్ మీదండి."

ఆయన పత్రం తిరగేశాడు. "మీ సభాపతి ప్రకటన ప్రకారం ఆయన ఇప్పుడు లేడు. ఎప్పుడూ లేడు. లేనివాడి మీద ప్రమాణం చెల్లదు. సువార్త గ్రంథం మీద చేస్తావా? బాప్తిస్మం అయిందా?"

"కాలేదండి."

"అయితే, అయినవాళ్లు రండి."

ఇరవై ఏళ్ల నుంచి క్రైస్తవులమంటున్న మా ఊరు ఊరంతా నేల చూపులు చూసింది. జోటికస్ గారిని మినహాయిస్తే మునిగినవాడు ఒక్కడే! అందరి తలలూ అటు తిరిగాయి. దొరగారు గ్రంథం మీద చెయ్యి పెట్టారు. నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. చెమటలు ధారకట్టాయి.

"రాయి... జరిగింది," అన్నారు.

"ఎవరు జరిపారు?"

"నేనే!" అని బావురుమన్నారు.

గ్లైకోన్ తోట గ్లైకోన్‌కే దక్కింది. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. దొరగారు మాత్రం బయటికి రాగానే నా మీద విరుచుకుపడ్డారు.

"గది ఖాళీ చెయ్యరా దరిద్రుడా!"

"కళ్లారా చూశానని రాశారు కదండీ. ఇప్పుడు చూడలేదంటే అది అబద్ధం కాదూ?"

పళ్లు పటపట కొరుక్కుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెనక తలుపు చప్పుడైంది. ముఖానికి గుడ్డ, చంకలో పుంజు!

"మునిగినవారు మీరు, ఇలా రావచ్చాండీ?"

"నోర్ముయ్! నేనొచ్చింది కోళ్ల గూటికి. కోడిని కోళ్ల గూట్లో వదలడం పాపమా? వదిలేశాక అది నీ భోజనం. కాస్త వెలుతురు చూసుకుని కొయ్యి," అని మోకాలు రాసుకున్నారు.

"ఛీ, ఏం మనిషయ్యా! ఇటూ కావాలి, అటూ కావాలి!" అని ఆయన వెళ్లగానే అమ్మియా ఈసడించుకుంది.

"ఛీ ఛీ!" అని నేనూ అన్నాను. అని లోపలికి వెళ్లి, మా మంచం పక్కన కొత్తగా పెట్టుకున్న మట్టి కూజాలో నీళ్లు మార్చాను.