మరిచిపోవలసిన సెన్సరు

ఆ ఉదయం కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదిన్నరకు ల్యాబుకు ప్రయాణం, పదకొండింటికి పరీక్షకుల ముందు ప్రదర్శన. అది గట్టెక్కితే ప్రాజెక్టూ, దానితోపాటు ఆమె ఉద్యోగమూ మరో మూడేళ్లు నిలుస్తాయి. లేదా, నెలాఖరుతో సరి.

చూపించవలసింది కందిగింజంత సెన్సరు. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని అది ఇట్టే పసిగడుతుంది. గది అవతలి మూల నుంచి దీపం మినుకుమంటూ పంపే కబురును తీగ లేకుండా అందుకుంటుంది. పైగా మెదడులాగా నేర్చుకుంటుంది కూడా: ఒకసారి చూసినదాన్ని చిటికెలో మరిచిపోతుంది, పదేపదే చూసినదాన్ని గుర్తుంచుకుంటుంది. పరీక్షకులకు దాని చదువు ఓనమాల నుంచి చూపించాలి కనుక, అంతవరకు అది చీకట్లో ఏమీ ఎరగకుండా ఉండాలి. ల్యాబులో ఎవరో ఒకరు మూత తీసి చూస్తారన్న భయంతో ఆమె దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఇల్లు క్షేమమనుకుంది, పాపం!

ఇంట్లో అత్తగారున్నారు. నర్సుగా ముప్పైనాలుగేళ్లు చేసి రిటైరయినా, క్రిముల మీద యుద్ధం మాత్రం విరమించలేదు. ఆవిడకో క్రిమిసంహారక పెట్టె ఉంది. తాళాలు, దువ్వెనలు, కొడుకు ఫోను, గుమ్మం దాటి వచ్చినది ఏదైనా సరే, అందులో పావుగంట నీలి దీపం కింద పడుకుని రావలసిందే.

స్నానం చేసి వచ్చిన కోడలికి బల్ల మీద సెన్సరును దాచిన నల్లడబ్బా ఖాళీగా కనిపించింది.

"అత్తయ్యా, ఇందులోది ఏదీ?"

"అదా? రెండు విడతలు పెట్టానమ్మా. ల్యాబు నుంచి వచ్చింది కదా, ఎవరెవరి చేతులు తగిలాయో ఏమో!"

క్రిములను చంపే ఆ దీపమూ అతినీలలోహితమే. రెండు విడతలంటే సెన్సరు డిగ్రీ పూర్తి చేసినట్టే.

"దానంతటది పూర్తిగా మరవాలంటే రోజు పడుతుంది, వేడి తగిలితే త్వరగా మరిచిపోతుంది," అంది భర్తతో. "మెల్లగా, గోరువెచ్చగా."

భర్త మంచివాడు. మంచివాడు కాబట్టే పరుగున వెళ్లి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. తువ్వాలు మడతలో సెన్సరును పెట్టి పైన అద్దుతుండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "ఆఁ సార్, చెప్పండి సార్," అంటూ అతను లేచి నిలబడ్డాడు. ఇస్త్రీపెట్టె నిలబడలేదు. తువ్వాలు పొగలు కక్కింది.

"కొంప అంటిస్తావట్రా!" అంటూ అత్తగారు చెంబుడు నీళ్లు కుమ్మరించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కోడలు అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఆ ఏడుపు చూసి అత్తగారి మనసు కరిగిపోయింది. "ఊరుకో తల్లీ, తడే కదా, ఆరిపోతుందిలే," అని ఓదార్చి, సెన్సరును స్పిరిటు దూదితో తుడిచి, బాల్కనీ గోడ మీద చుర్రుమనే ఎండలో పెట్టారు. ఎండలో అతినీలలోహితానికి కొదవేముంది! కోడలు కళ్లు తుడుచుకుని చూసేసరికి బయలుదేరే వేళయింది. దాన్ని అలాగే డబ్బాలో వేసుకుని పరుగెత్తింది.

పదకొండింటికి గది చీకటి చేశారు. దీపం ఇంకా వెలిగించనే లేదు. సెన్సరుకు తగిలించిన మీటరు ముల్లు మాత్రం చిట్టచివరకు ఎక్కి కూర్చుంది. ల్యాబు డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"దీపమే లేదు కదమ్మా, అది ఏం చూస్తున్నట్టు?" అని అడిగింది పెద్ద పరీక్షకురాలు.

అబద్ధమాడే ఓపిక కోడలికి లేదు. "పొద్దున చూసింది ఇంకా మరిచిపోలేదండీ," అని పెట్టె, ఇస్త్రీ, నీళ్లు, స్పిరిటు, ఎండ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. డైరెక్టరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అంటే, ఎండలోంచి తీసి గంటన్నరైనా గుర్తుందా? ఇదివరకు ఎంతసేపు ఉండేది?"

"పదకొండు నిమిషాలండీ. ఆపైన మిగిలేది మసక జాడే."

పరీక్షకురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇన్నేళ్లుగా అందరం ఆ నిమిషాల దగ్గరే కొట్టుకుంటున్నాం. దేనివల్ల వచ్చిందమ్మా ఇది? ఇస్త్రీ వల్లా, స్పిరిటు వల్లా?"

"నిజంగా తెలీదండీ."

"అయితే ఒక్కటీ వదలకండి. అదే వరుసలో, అవే చేతులతో చేయించండి."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. కోడలి ఉద్యోగాన్ని మూడేళ్లు పొడిగించి, ముప్పైనాలుగేళ్ల సర్వీసును బట్టి అత్తగారిని ఆమెకు పై అధికారిగా నియమించారు.