వంటింట్లో వీధిదీపం

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వానలకు ఉబ్బిపోయిన వీధి తలుపును ఊడదీసి, సందు చివర వడ్రంగి దగ్గరికి మోసుకెళ్లి, అడుగున చిత్రిక పట్టించి, పదింటికల్లా మళ్లీ బిగించెయ్యాలి. పదకొండింటికి సర్కారు సర్వే వాళ్లు వస్తారు. వాడలోని ప్రతి ఇంటి తలుపు మీదా పసుపు రంగుతో నంబరు వేస్తారు. నంబరు పడ్డ ఇంటికి కొత్త ఫ్లాటు వస్తుంది. ఫ్లాటంటే సొంత కుళాయి, సొంత స్నానాలగది. పన్నెండేళ్లుగా బిందె పట్టుకుని వరసలో నిలబడుతున్న అతని భార్య, ఆ స్నానాలగదిలో బకెట్టు ఏ మూల పెట్టాలో కూడా నిర్ణయించేసుకుంది.

ముందురోజు తలుపు సంగతి ఎత్తింది కూడా ఆవిడే. "నిన్న మా అమ్మ అరగంట లోపలే ఇరుక్కుపోయింది. రేపు వాళ్లొచ్చినప్పుడు తలుపు తెరుచుకోకపోతే, ఇంట్లో ఎవరూ లేరని రాసుకుపోతారు. తర్వాత మీ ఇష్టం."

అయితే సర్కారు వాళ్లు ఆ రోజు, ముందెన్నడూ లేని విధంగా, రెండు గంటలు ముందే వచ్చారు. సర్వేయర్ ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో ట్యాబు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నంబరు ఎక్కడ వెయ్యాలమ్మా? తలుపేది?"

"వడ్రంగి దగ్గరికి వెళ్లిందండీ. వచ్చేస్తుంది," అంది దర్జీ భార్య.

అతను లోపలికి తొంగిచూశాడు. వీధి గుమ్మం, దాని వెనక గది, వంటిల్లు, పెరటి గుమ్మం, దాని అవతల వెనక సందు అన్నీ ఒకే వరసలో కనిపించాయి. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ నీళ్లబిందెతో పెరటి వైపు నుంచి వచ్చి, "వదినా, కూర మాడుతోంది చూసుకో," అని చెప్పి వీధిలోకి వెళ్లిపోయింది. వెనక సందులో ఉన్న కుళాయికి అదే అడ్డదారి.

సర్వేయర్ గడప పక్కన కూర్చున్న దర్జీ అత్తగారి వైపు తిరిగాడు. "ఇటు నుంచి జనం నడుస్తుంటారా మామ్మగారూ?"

అత్తగారికి వినపడడం కొంచెం తక్కువ, మాట్లాడడం కొంచెం ఎక్కువ. పలకరించే మనిషి దొరికాడన్న సంబరంలో, "అయ్యో, పొద్దస్తమానం ఇదే కదా బాబూ! ఊరంతా ఇటు నుంచే పోతుంది. మేం ఎవర్నీ కాదనం," అంది.

ట్యాబులో నాలుగు గడులున్నాయి: ఇల్లు, దుకాణం, మరుగుదొడ్డి, దారి. సర్వేయర్ 'ఇల్లు' నొక్కాడు. అది తలుపు ఫోటో అడిగింది. 'దారి' నొక్కాడు. అది ఏమీ అడగలేదు.

"ప్రస్తుతానికి ఇలా ఉండనిద్దామమ్మా. తర్వాత ఆఫీసుకొచ్చి మార్పించుకోండి," అని గది ఫోటో ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు.

నున్నగా చిత్రిక పట్టిన తలుపును నెత్తిన పెట్టుకుని దర్జీ వచ్చేసరికి, అతని ఇల్లు రోడ్డయిపోయి ఇరవై నిమిషాలయింది.

మర్నాడు అతను వార్డు ఆఫీసుకు పరుగెత్తాడు. గుమాస్తా కంప్యూటర్లో వెతికి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పే చోట ఇల్లేం లేదయ్యా. దారి ఉంది."

"ఆ దారిలోనే కద సార్, నేను పన్నెండేళ్లుగా కాపరం ఉంటున్నది!"

నోరు జారాక గానీ తానేమన్నాడో దర్జీకి తెలియలేదు. గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "రోడ్డు ఆక్రమించి పన్నెండేళ్లా? అదీ నువ్వే ఒప్పుకుంటున్నావా?" అంటూ, సర్వేయర్ తీసిన ఫోటో చూసుకుంటూ నోటీసు రాసిచ్చాడు. 'దారికి అడ్డంగా ఉన్న కుట్టుమిషను ఒకటి, మంచాలు రెండు, వృద్ధురాలు ఒకరు. వారంలోగా తొలగించవలెను.'

ఇంటికొచ్చాక భార్య ఆ నోటీసు రెండుసార్లు చదివింది. "మా అమ్మని తొలగిస్తారా?"

"నేను రాయలేదే! వాళ్లే రాశారు."

"మరి ఆ నవ్వెందుకు మొహాన?"

దర్జీ మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. ఈసారి గుమాస్తాకు జాలేసింది. "దారిని ఇల్లుగా మార్చే అర్జీ మా దగ్గర లేదయ్యా. దారి మీదైతే మూడే ఫిర్యాదులు తీసుకుంటాం. గుంట, మురుగు, దీపం. ఏదో ఒకటి పెట్టు. చూడ్డానికి ఇంజినీరు వస్తాడు. నీ గోడు ఆయన దగ్గర వెళ్లబోసుకో."

సలహా బాగానే ఉందనిపించింది. ఇంట్లో గుంటా లేదు, మురుగూ లేదు కాబట్టి దర్జీ 'దీపం' అన్నాడు.

ఇంజినీరు రాలేదు. దీపమే వచ్చింది. నలుగురు మనుషులు స్తంభం మోసుకొచ్చి, పొయ్యికి మూరెడు దూరంలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. దర్జీ భార్య గరిటె పట్టుకుని అడ్డం పడింది.

"ఇది వంటిల్లండీ!"

"మా కాగితంలో దారి మధ్యలో అని ఉందమ్మా. కొలిచే పెడుతున్నాం," అన్నాడు వాళ్లలో పెద్దాయన మర్యాదగా. ఇంటి కప్పు అడ్డొస్తోందని స్తంభాన్ని పొట్టిగా కోసి, దీపం సరిగ్గా కూరగిన్నె మీద వెలిగేలా బిగించి వెళ్లిపోయారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, దీపం వెలిగిన దారి కాబట్టి అది పట్నం మ్యాపులోకి కూడా ఎక్కింది. మరుసటి రోజు పొద్దున్నే పార్సిళ్లు మోసే ఒకతను, ఫోను చెప్పినట్టల్లా స్కూటరు నడుపుకుంటూ వచ్చి, మంచం దగ్గర కుడివైపు తిరిగి, పొయ్యి పక్కగా పెరట్లోంచి వెళ్లిపోయాడు. అతని వెనక సైకిళ్లు, తోపుడుబండ్లు. దర్జీ చొక్కా కుడుతుంటే మిషను పక్కన హారన్లు మోగాయి. అత్తగారు మాత్రం చేతికర్ర పట్టుకుని గది మధ్యలో నిలబడి, "నువ్వాగు! నువ్వు పద!" అంటూ పదేళ్లు చిన్నదైపోయింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మన ఇల్లు ఊరందరికీ దారైంది అల్లుడూ," అంది గర్వంగా.

రద్దీ పెరిగిందని ట్రాఫిక్ పోలీసు వచ్చి, వీధి నుంచి పెరటికి మాత్రమే వెళ్లాలని బోర్డు పెట్టాడు. దాంతో దర్జీ భార్య పెరట్లో గిన్నెలు తోముకుని వంటింట్లోకి రావాలంటే వాడంతా చుట్టి రావలసి వచ్చింది. మూడో రోజు అలా చుట్టి వచ్చి, గిన్నెలు కింద పెట్టి, దీపస్తంభానికి ఆనుకుని కూలబడింది.

"నాకు ఫ్లాటూ వద్దు, ఏమీ వద్దు. నా వంటిల్లు నాకిప్పించండి చాలు," అంది. దర్జీ, హారను కొట్టబోతున్న స్కూటరు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ మధ్యాహ్నమే దేవుడు జీపు రూపంలో వచ్చాడు. గృహనిర్మాణ శాఖ పెద్దావిడ, పెద్ద రోడ్డు మీద రద్దీ తప్పించుకోవడానికి మ్యాపులో దగ్గరి దారి చూసుకుని రావడంతో, జీపు ముక్కు దర్జీ గుమ్మంలో ఇరుక్కుంది.

"ఇక్కడ స్కూటర్లే పడతాయమ్మా. వెనక్కి తియ్యమను," అంది అత్తగారు కర్ర ఊపుతూ.

అధికారిణి దిగింది. కుట్టుమిషను చూసింది, మంచాలు చూసింది, కూరగిన్నె మీద పట్టపగలు వెలుగుతున్న వీధిదీపం చూసింది. దర్జీ చెప్పిందంతా విని, జీపు మీద కాగితం పెట్టి, 'ఇది ఇల్లే' అని రాసి సంతకం చేసింది. సాయంత్రానికి బోర్డు పోయింది, మ్యాపులోంచి దారి పోయింది, తలుపు మీద పసుపు నంబరు పడింది. దర్జీ భార్య ఆ కాగితాన్ని బీరువాలో పట్టుబట్టల కింద దాచింది.

మర్నాడు వాడ మొదట్లో గోడకు పెద్ద ప్రకటన అంటించారు. వాడలోని ముప్పై ఆరు ఇళ్లనూ పడగొట్టి, అందరికీ పట్నానికి ముప్పై కిలోమీటర్ల అవతల ఫ్లాట్లు ఇస్తారట. దారుల జోలికి మాత్రం పోరట. అవి వేరే శాఖవట.

ఆ ఫ్లాట్లను చూసొచ్చిన వడ్రంగి వాడందరికీ వివరం చెప్పాడు. "తొమ్మిది అంతస్తులు. లిఫ్టు కోసం గొయ్యి ఉంది, లిఫ్టు లేదు. ప్రతి ఇంట్లో కుళాయి ఉంది. నీళ్లే మూడో అంతస్తు దాటి ఎక్కవు. బస్సు రోజుకి రెండుసార్లు."

"మనకి ఎన్నో అంతస్తు?" అంది దర్జీ భార్య.

"తొమ్మిదోది," అన్నాడు దర్జీ.

ఆవిడ కాసేపు మోకాళ్ల నొప్పులతో కూర్చున్న తల్లిని చూసింది. తర్వాత, కుట్టడానికి దర్జీకి గుడ్డలిచ్చి వెళ్తున్నవాళ్లను చూసింది.

"ఏవండీ, మనం రోడ్డుగా ఉన్నప్పుడే నయం కదూ?"

దర్జీ చెప్పులైనా వేసుకోకుండా వార్డు ఆఫీసుకు పరుగెత్తాడు. కానీ అప్పటికే వరస మెట్లు దిగి వీధిలోకి వచ్చేసింది. ముందు వడ్రంగి, వెనక పక్కింటావిడ, ఆ వెనక వాడ వాడంతా. అందరి చేతుల్లోనూ ఒకటే అర్జీ: 'మాది ఇల్లు కాదు, దారి.'

గుమాస్తా ఎవరినీ ఏమీ అడగలేదు. ఇల్లని రుజువు చెయ్యాలంటే తొమ్మిది కాగితాలు చూడాలి, దారి అనడానికి ఒక్కటీ అక్కర్లేదు. తలెత్తకుండా నొక్కుకుంటూ పోయాడు. వారం తిరిగేసరికి ఆ వాడలో దారులు ముప్పై ఆరు, ఇళ్లు సున్నా అని తేలింది. పడగొట్టడానికి యంత్రంతో వచ్చినవాళ్లు జాబితా చూసుకుని, అత్తగారినే దారి అడిగి, వెనక్కి వెళ్లిపోయారు.

ఆ వాడలో ఇళ్ల సమస్య పూర్తిగా పరిష్కారమైందని ఆ ఏటి నివేదికలో రాశారు.