అల్లుడు పట్టిన ఈగలు

లారీకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు ఈగల డాక్టరు.

"ఇది కదలడానికి వీల్లేదు మామయ్యా. తోటలో పండు ఈగ పడింది."

"చిన్న సంతకం పెట్టి కబుర్లు చెప్పుకుందామన్నారు కదా అల్లుడు గారూ," అన్నాడు మామగారు, జామపండ్ల పెట్టెల వైపు దిగులుగా చూస్తూ.

అన్నమాట నిజమే. ఈగల డాక్టరన్నది అత్తవారు పెట్టిన పేరు. పంటను పాడుచేసే పండు ఈగ ఏ జాతిదో తేల్చడం అతని ఉద్యోగం. అతను సరేనందాకా ఆ చుట్టుపక్కల పండు ఓడ ఎక్కదు. తీరా తోటలో అడుగుపెట్టగానే పసుపు చారల ఈగలు గుంపుగా చుట్టుముట్టాయి. మామగారి సరుకని వదిలేశాడంటారేమోనని అతనికి లేని నిజాయితీ కూడా పొంగుకొచ్చింది.

"ఇవి ఇక్కడ పుట్టినవి కావు," అన్నాడు మామగారు కంచె అవతలికి చూస్తూ. "రాలిన పండు ఏరమని వాడికి ఎన్నిసార్లు చెప్పానో."

వాడంటే పక్క తోటాయన, మామగారి చిన్ననాటి నేస్తం. ఈగల డాక్టరు కంచె దాటాడు. వెనకే ఈగలూ దాటాయి.

"నిన్నటిదాకా మా తోటలో ఒక్కటి లేదు బాబూ. మీరొచ్చాకే కనిపిస్తున్నాయి," అన్నాడు పక్క తోటాయన.

"అందరూ అలాగే అంటారండి," అని జాలిగా నవ్వాడు ఈగల డాక్టరు.

పండ్లు ఏరే షెడ్డులోకి వెళ్తే అక్కడా అవే. ఇంత వేగంగా పాకే తెగులును పుస్తకాల్లో కూడా చదవలేదు. వెంటనే పై అధికారికి ఫోన్ చేశాడు.

"చుట్టుపక్కల తోటలన్నీ మూయించండి," అన్నాడాయన. "పండు మొత్తం గుంటలో పూడ్చాలి. తవ్వే యంత్రం పంపిస్తున్నాను. ఏ జాతో, ఎవరి తోటలో మొదలైందో తేల్చి చెప్పండి. వాడి మీద కేసు పెడదాం."

మామగారు అరుగు మీద కూలబడ్డాడు. ఏడాది కష్టం మట్టిలో కలిసిపోతోంది. పక్క తోటాయన ఓదార్చబోతే, "నా గుమ్మం తొక్కకు," అన్నాడు.

ఈగల డాక్టరు గదిలోకి వెళ్ళి, పట్టిన ఈగలను భూతద్దం కింద పెట్టాడు. రెక్క అంచున నల్లగీత, వీపు మీద పసుపు చారలు. జామకు పట్టే పాత శత్రువే. తన చూపుకి తానే మురిసిపోతూ తోక వైపు చూశాడు. ఆడ ఈగకు అక్కడ గుడ్లు పెట్టే సూది ఉంటుంది. పండును పొడిచేది దాంతోనే. దీనికి లేదు. పక్కదానికీ లేదు. ఏ ఒక్కదానికీ లేదు.

అన్నీ మగవే. మగ ఈగ పండును పొడవదు. మరి పెళ్ళిచూపులకొచ్చినట్టు ఈ మందంతా ఎందుకొచ్చింది? దేనికి వస్తుందో అతనికి తెలుసు. పొద్దున ఆఫీసులో ఈగల బోనుల్లో తను పోసిన, మగ ఈగలను మాత్రమే లాగే ఎర మందుకి వస్తుంది. మూత సరిగ్గా బిగించని సీసా అతని చొక్కా జేబులోనే ఉంది. జేబు తడిగా ఉంది. ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ఆ వాసన అతని ముక్కుకి ఆనడం మానేసింది.

"ఏమండీ," అంది గుమ్మంలో నిలబడ్డ భార్య. "బుట్టలో పండ్లు వదిలేసి మీ జేబు మీద వాలుతున్నాయేంటి?"

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎందుకు, ఈగలు వింటాయా?"

లారీలోంచి కొన్ని, కంచె అవతలనుంచి కొన్ని పండ్లు తెప్పించి కోశాడు. అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని అదే. ఒక్క పండులో పురుగు లేదు, తొక్క మీద గాటు లేదు. చొక్కా మార్చేసి, ఈగలు గాలికొచ్చి గాలికి పోయాయంటే చాలు, పరువు దక్కుతుంది. అంతలో బయట తవ్వే యంత్రం గుర్రుమంది. మామగారు నేస్తం కాలరు పట్టుకున్నాడు.

చొక్కాను సంచిలో కుక్కి, బనియనుతో బయటికొచ్చాడు ఈగల డాక్టరు. ఈగలన్నీ సంచి చుట్టూ మూగాయి. చేతిలో ఫోన్లో పై అధికారి అందరికీ వినబడేలా అరుస్తున్నాడు.

"పండు శుభ్రంగా ఉంది సర్. లారీ పోవచ్చు. తోటలు మూయక్కర్లేదు," అన్నాడు.

"మరి అన్ని ఈగలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎవరో ఒకరు తెచ్చుండాలి కదా. ఎవరతను?"

"చెప్పండి అల్లుడు గారూ," అన్నాడు మామగారు, పట్టిన కాలరు వదలకుండా. "మొహమాటపడకండి."

"మీ అల్లుడు, మామయ్యా."