బావగారి టెంటు

ఆ ఆదివారం గుమాస్తాగారు పెట్టుకున్న పని ఒక్కటే. అటక మీదున్న టెంటు దించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెట్టడం. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత పేపరు, రెండో కప్పు టీ, కుదిరితే ఒక కునుకు.

టెంటు ఆయనది కాదు, భార్య అన్నగారిది. ఆఫీసు మిత్రులతో కొండల్లోకి వెళ్దామని నెల క్రితం అడిగి తెచ్చుకున్నాడు. తీరా బయల్దేరే ముందురోజు ఒకడికి జ్వరం, ఇంకొకడింటికి చుట్టాలు. ప్రయాణం ఆగిపోయింది, టెంటు సంచి విప్పకుండానే అటకెక్కింది. ఈ సాయంత్రం అయిదింటికి బావగారు వచ్చి పట్టుకెళ్తారు. మర్నాడు ఆయన పిల్లల్ని తీసుకుని మూడు రోజులు ఏటి ఒడ్డున గడపబోతున్నారు.

ఇదివరకు బావగారి ఫ్లాస్కు ఈ ఇంట్లోనే పగిలింది. నిచ్చెన మెట్టు విరిగింది. కెమెరా నీళ్ళ బకెట్లో పడింది. అందుకే నర్సు ఉద్యోగం చేస్తున్న భార్య ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

“ఈసారి ఏ మాత్రం తేడా వచ్చినా మా వదిన ముందు నేను తలెత్తుకోలేనండి. ఇక మీకోసం మావాళ్ళని ఏదీ అడగను.”

ఆమె వెళ్ళాక ఆయన సంచి మూతి విప్పాడు. ముక్కిన వాసన గుప్పుమంది. హాల్లో పరిచి చూస్తే ఒక పక్క పళ్ళెమంత మేర నల్లటి బూజు. అటక మీద చెమ్మ ఉంటుందని తెలిసీ అక్కడే పెట్టినందుకు ఆయన తనను తానే తిట్టుకున్నాడు. మామూలు మనిషైతే తడిగుడ్డతో మెల్లగా తుడిచి నీడన ఆరేసేవాడు. ఈయన పక్కింటి రిటైర్డు మాస్టారిని సలహా అడిగాడు.

లోకంలో ఏ వస్తువుకు ఏ రోగమొచ్చినా మాస్టారి దగ్గర మందుంది. అది ఎప్పుడూ ఒకటే, బ్లీచింగ్ పౌడరు. ఆయన డబ్బాతో సహా వచ్చి, దగ్గరుండి రాయించారు. పది నిమిషాల్లో బూజు పోయింది. దాంతోపాటు రంగూ పోయింది. ముదురాకుపచ్చ టెంటు మీద అంత మేర తెల్లగా పాలిపోయిన మచ్చ తేలింది. మాస్టారు ఏమాత్రం కంగారు పడలేదు. మిగతా టెంటు కూడా ముంచేస్తే అంతా ఒకే రంగులో ఉంటుంది కదా అని తేల్చి, పౌడరు చాలకపోతే ఇంకో డబ్బా ఉందని చెప్పి ఇంటికెళ్ళిపోయారు.

గుమాస్తాగారికి కోపం వచ్చింది గాని, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక టెంటునంతా తొట్టిలో ముంచాడు. అది బయటికొచ్చేసరికి పెసరపప్పు రంగుకు తిరిగింది. దాన్ని గట్టిగా పిండి మేడ మీద ఎర్రటి ఎండలో ఆరేశాడు. ఎండ తగిలితే బాగుపడని వస్తువంటూ ఉండదని ఆయన నమ్మకం. గంటలో ఎండింది. కాకపోతే ఒళ్ళంతా ముడతలు.

ముడతలున్న టెంటు తిరిగిస్తే మర్యాదగా ఉండదు. ఇస్త్రీపెట్టె తీశాడు. మొదటి ముడత మీద ఆనించగానే చుర్రుమని పొగ లేచింది. పెట్టె పైకెత్తేసరికి పెట్టె ఆకారంలోనే టెంటుకో కంత. అప్పుడు కంటబడింది, లోపలివైపు అంచున కుట్టిన చిన్న చీటీ. అందులో ఇస్త్రీపెట్టె బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కనే సూర్యుడి మీదా గీత. తొట్టి మీదా గీత. ఆయన చేసిన పనులన్నీ వరసగా అక్కడ బొమ్మలుగా ఉన్నాయి.

ఏడుపొక్కటే తక్కువ. టెంటును సంచిలో కుక్కుకుని వీధి చివరి టైలరు దగ్గరికి పరుగెత్తాడు. కంత పడినట్టు ఎవరికీ తెలియకూడదని బతిమాలి, భార్య వచ్చేలోగా బ్లీచింగ్ కంపు వదిలించాలని ఇంటికొచ్చి హాలంతా మూడుసార్లు తుడిచాడు.

నాలుగింటికి తిరిగి వెళ్తే టైలరు గర్వంగా టెంటు పరిచి చూపించాడు. కంత ఉన్నచోట చక్కటి ముదురాకుపచ్చ నలుచదరపు ముక్క, అంచు చుట్టూ జంట కుట్టు. సరిగ్గా దానికెదురుగా, అవతలి పక్కన కూడా అలాంటిదే ఇంకొకటి.

“అవతల కంత లేదు కదయ్యా!”

“ఒక పక్కే వేస్తే అతుకులా కనిపిస్తుంది సార్. రెండు పక్కలా వేస్తే డిజైను. అందుకని నేనే కోశాను.”

ముదురాకుపచ్చ గుడ్డ ఎక్కడ దొరికిందని గుమాస్తాగారు నీరసంగా అడిగాడు. సంచి కోశానని టైలరు చెప్పాడు. దానికి బదులు మిగిలిన ప్యాంటు గుడ్డతో కొత్త సంచి కుట్టి, ముచ్చటగా రెండు గుండీలు కూడా పెట్టాడట.

అయిదింటికి బావగారు వచ్చారు. డ్యూటీ దిగి వచ్చిన భార్య కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. గుమాస్తాగారు గోడకానుకుని నిలబడి, చెప్పబోయే మొదటి మాట కోసం వెతుక్కుంటున్నాడు. బావగారే ముందు గొంతు సవరించుకున్నారు.

“ఒక తప్పు జరిగింది బావా. మీకిచ్చే ముందు అది వానలో తడిసింది. ఆరబెట్టకుండానే మడిచి ఇచ్చేశాను. బూజు పట్టే ఉంటుంది. నెల రోజులుగా మీకు మొహం చూపించలేకపోతున్నాను.”

అంటూనే సంచి చేతిలోకి తీసుకుని గుండీల దగ్గర ఆగిపోయారు. విప్పారు. లేత రంగు, ముదురాకుపచ్చ చదరాలు, జంట కుట్టు. బూజు జాడే లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెల్లెలి వైపు తిరిగారు. కళ్ళు చెమర్చాయి.

“ఇది నాది కాదమ్మా. నాది పాడైపోయిందని పల్లెత్తు మాట అనకుండా, మీ ఆయన కొత్తది కొనిపెట్టారు.”

గుమాస్తాగారు నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. భార్య ఆయన వైపు చూస్తోంది. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆమె కళ్ళలో అలాంటి గౌరవం చూడటం అదే మొదటిసారి. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. నాతో కూడా ఎందుకు చెప్పలేదండీ అని ఆమె అడిగితే, ఇందులో చెప్పుకోవడానికేముంది అన్నాడు. ఆ రోజంతటిలో ఆయన నోట వచ్చిన అచ్చమైన నిజం అదొక్కటే.

బావగారు టెంటు భుజాన వేసుకుని, మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, కొత్తది కాబట్టి వాన కూడా బాగా ఆపుతుందని సంతోషపడి వెళ్ళారు.

ఆ మూడు రోజులూ గుమాస్తాగారు వాతావరణ వార్తలు తప్ప ఇంకేమీ వినలేదు.