నిమిషానికో నిద్ర

అయ్యా, అమ్మా! హార్డ్ డిస్క్‌ను నిమిషానికోసారి నిద్రపుచ్చడం మహా పుణ్యకార్యం. కాదన్నవాడు కఠినాత్ముడు. మనిషికి లేని యోగం యంత్రానికైనా దక్కనివ్వరా?

ఈ సత్యం నాకు మా బావగారి వల్ల బోధపడింది. ఆయన ఆర్పిన లైటునే మళ్లీ ఆర్పగల సమర్థుడు! మా అక్క చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఈసారి సైన్సు, పద్నాలుగు పాఠాలు. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి.

ఒకరోజు బావగారు ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క నిమిషం పని లేకపోతే చాలు, డిస్క్ ఆగిపోయేలా సెట్టింగ్ మార్చేశారు.

"పాపం, ఊరికే గిరగిరా తిరుగుతోంది. అరిగిపోదూ?" అన్నారు.

ఎంత దయ! ఇక చూడండి వైభోగం. అక్క ఒక పేరా రికార్డు చేసి, నీళ్లు తాగి, తర్వాతి పేరా ఓసారి కళ్లతో చూసుకునేలోపే డిస్క్‌కు కునుకు. మళ్లీ మొదలుపెడితే అది టక్కుమని లేచి, మూలిగి, ఊపందుకునేదాకా ఆవిడ నోరు తెరుచుకుని కూర్చోవాలి. రోజుకు వందసార్లు! నిద్ర కూడా ఇంత ఒళ్లు హూనం చేసుకుని పోవచ్చని ఎవరికైనా తెలుసా?

ఈ సౌకర్యం అక్కకూ దక్కింది. "కాస్త విశ్రాంతి తీసుకోవోయ్" అంటూ బావగారే తలుపు తోసుకుని వచ్చేవారు. ఆవిడ నడుం వాల్చగానే "నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్?" అనేవారు. లేచి వెతికిచ్చి మైకు ముందు కూర్చుంటే మళ్లీ విశ్రాంతి!

పదమూడో పాఠం పూర్తయిన రోజున డిస్క్ టక్కుమంది. మరి లేవలేదు. ఇంకో కాపీ? ఒకటుండగా రెండోది దండగన్నదీ ఆ మహానుభావుడే.

రిపేరు షాపాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇది పనిచేసి పోలేదమ్మా. పడుకోబెట్టి లేపి, పడుకోబెట్టి లేపి చంపారు. దాని మానాన దాన్ని తిరగనిస్తే ఇంకో నాలుగేళ్లు ఉండేది."

అక్క అక్కడే ఏడ్చేసింది. వ్యంగ్యం రాసేవాడు ఏడవకూడదు గనక నేను పళ్లు నూరుకున్నాను. పదమూడు పాఠాలు! అవతల పిల్లలు రోజూ ఫోన్ చేసి "ఎప్పుడొస్తాయి టీచర్?" అని అడుగుతున్నారు.

కొత్త డిస్క్ వచ్చింది. అక్క మొదటి పాఠం నుంచి మళ్లీ ఎత్తుకుంది. బావగారు తలుపు తీసి అడిగారు:

"దీనికి నిద్ర ఎంతసేపటికి పెట్టావ్?"

"పెట్టలేదు. నేను లేచినప్పుడే అదీ ఆగుతుంది." అక్క పుస్తకంలోంచి తలెత్తలేదు. "మీరు ఆ తలుపు వేసి, మళ్లీ తీయకుండా ఉంటే నేనూ ఇంకో నాలుగేళ్లు ఉంటాను."

బావగారు తలుపు వేశారు. సరిగ్గా నిమిషం ఆగి, మళ్లీ తీశారు.

"కోపమొచ్చిందా?"

అయ్యా, అమ్మా! రేపు పొద్దున్నే వడ్రంగిని వెంటబెట్టుకుని అక్కింటికి వెళుతున్నాను. ఆ గదికి లోపలివైపు గడియ లేదు. ఆ పుణ్యకార్యం నాకు వదిలేయండి.